తెలుగింటి పాత పెట్టెలు, బీరువాలు

తెలుగు ఇళ్ళలో బట్టలూ నగలూ కాగితాలూ దాచుకోవడానికి కొయ్య బీరువాలు విరివిగా వచ్చి నూటయాభై ఏళ్ళకు మించదు. అంతకుముందు సామాను దాచే పని ఇల్లే చేసేది. గోడ కట్టేటప్పుడే వదిలిన గూళ్ళలో దీపం, పసుపు కుంకుమల బరిణెలు, మందుల మూటలు ఉండేవి. చిలక్కొయ్యలకు ఉత్తరీయాలు, దూలానికి వేలాడే దండెం మీద చీరలు, పంచెలు, ఉట్టి మీద పాలూ పెరుగూ, అటక మీద పెళ్ళిళ్ళకు మాత్రమే దించే గంగాళాలు ఉండేవి. ధాన్యం గాదెల్లో, పురుల్లో, మెట్ట ఊళ్ళలో పాతర్లలో ఉండేది. పట్టుబట్టలు మడతపెట్టుకోవడానికి మేదరులు అల్లిన వెదురు పెట్టెలు, తాటాకు పెట్టెలు చాలేవి. దీనికి లేమి ఒక్కటే కారణం కాదు. నేల మీద పీట వేసుకుని తిని, చాప మీద పడుకునే ఇంట్లో ఎత్తైన సామానుకు పనిలేదు. మట్టి గోడల ఇంట్లో చెద భయం వల్ల కొయ్యను గోడకు ఆనించడానికే జంకేవారు. ఈ సంగతి తెలిసినవారు రెండు వందల ఏళ్ళ నాటి పల్లెటూరి బట్టల బీరువా అని చూపించే సరుకును నమ్మరు.

కొయ్యతో చేసి, తాళం వేసి, నేల మీద నిలిపిన సామానులో పాతదీ ముఖ్యమైనదీ భోషాణం అనే పెద్ద పెట్టె. తెలంగాణ పల్లెల్లో సందుగ అనే కొయ్యపెట్టెలు చిన్నవీ పెద్దవీ ఉంటాయి. పెద్ద సందుగ చేసే పని కూడా భోషాణం పనే. కలిగిన రైతులు, కరణాలు, వర్తకులు, జమీందారీ ఉద్యోగుల ఇళ్ళలో భోషాణం ఉండేది. వెండి కంచాలు, నగలు, దస్తావేజులు, అప్పు పత్రాలు, ఊరి లెక్కలు అన్నీ అందులోనే. బ్యాంకులు లేని రోజుల్లో ఇంటి సంపద ఇంట్లోనే ఉండాలి. రక్షణ కూడా ఇంటివారే చూసుకోవాలి. 1816లో పిండారీలు గుంటూరు ప్రాంతం మీద పడి దోచుకున్నారు. అలాంటి కాలంలో ఎత్తుకుపోలేనంత బరువుండటమే పెట్టెకు మొదటి రక్షణ. అందుకే భోషాణాలకు రెండు వేళ్ళ మందం చెక్కలు, మూలలకు ఇనుప పట్టీలు, పట్టీల మీద బొడిపె మేకులు కనిపిస్తాయి. నలుగురు కలిసినా కదలనివి ఉన్నాయి. కొన్నిటికి అందుకే అడుగున కొయ్య చక్రాలు అమర్చారు.

భోషాణం పైభాగం చాలా పెట్టెల్లో పూర్తిగా తెరుచుకోదు. నడుమ ఉన్న పలక ఒక్కటే కీలు మీద లేస్తుంది, మిగతాది బిగించి ఉంటుంది. అంత బరువైన మూతను ఒక్క మనిషి ఎత్తలేడు కాబట్టి ఈ ఏర్పాటు. దీనివల్ల మరో లాభం కూడా కలిగింది: పైన పరుపు వేసుకుని ఇంటి యజమాని పడుకోవచ్చు. డబ్బు మీద పహరా, రాత్రి పడక రెండూ ఒకే చోట కుదిరాయి. లోపల ఒక పక్కన చిన్న అర, కొన్నిటిలో ఆ అర అడుగున తెలిసినవారికి తప్ప దొరకని మరో అర ఉంటాయి. టేకు దొరికిన చోట టేకు, లేనిచోట వేగిస, మద్ది, పనస, వేప వాడారు. తయారుచేసిన వడ్రంగి పేరు గాని, ఏడాది గాని చెక్కిన పెట్టెలు అరుదు. అందువల్ల భోషాణం వయసు దాని కూర్పునుబట్టి, మేకులనుబట్టి చెప్పవలసిందే.

పెళ్ళి సారె మోయడానికి, ప్రయాణాల్లో బట్టలు తీసుకెళ్ళడానికి కావడిపెట్టెలు వేరుగా ఉండేవి. దుకాణదారు ముందు ఏటవాలు మూత ఉన్న గల్లాపెట్టె ఉండేది; మూత మీద పుస్తకం పెట్టి లెక్క రాసేవాడు, లోపల చిల్లర వేసేవాడు. ఈ రెండూ తేలికైనవి, రోజూ వాడేవి కాబట్టి ఎక్కువగా అరిగిపోయి, కొద్దిగానే మిగిలాయి.

తెలుగు నేల మీద తయారైన సామానులో ప్రపంచమంతా గుర్తించింది మాత్రం తెలుగువారి ఇళ్ళలో లేదు. అది విశాఖపట్నం దంతపు పని. ఈస్టిండియా కంపెనీ 1682లో విశాఖలో వర్తక స్థావరం పెట్టింది. పక్కనే భీమునిపట్నంలో డచ్చివారు ఉన్నారు. రెండు చోట్లా సరుకు ప్రధానంగా నూలు బట్ట. బట్టతో పాటు అక్కడి దొరలకు తమ దేశపు ధోరణిలో బల్లలు, కుర్చీలు, సొరుగుల బీరువాలు కావలసివచ్చాయి. వాటిని చేసినవారు కంసాలి కులపు పనివారు. యూరప్ నుంచి వచ్చిన సామానును నమూనాగా పెట్టుకుని, జిట్రేగి, నల్లకలప, టేకు చెక్కల్లో అంచుల వెంట దంతాన్ని పొదిగి, ఆ దంతం మీద సన్నని గీతలు చెక్కి, గీతల్లో నల్లని లక్క నింపేవారు. లతలు, పూలు, ఆకులతో సాగే ఆ అంచులు చూస్తే కోరమాండల్ కలంకారీ దుప్పట్ల అంచులు గుర్తుకొస్తాయి. ఒకే తీరంలో ఒకే కొనుగోలుదారుల కోసం సాగిన రెండు పనులు కాబట్టి ఆ పోలిక సహజం.

18వ శతాబ్దం చివరి భాగంలో పని తీరు మారింది. అంచులకే పరిమితమైన దంతం మొత్తం పైభాగాన్ని కప్పేసింది. గంధపు చెక్కతో గాని, మరో చెక్కతో గాని పెట్టె చేసి, పైన పలచని దంతపు రేకులు అతికించి, వాటి మీద ఇంగ్లండు అచ్చుబొమ్మల్లో ఉన్న మేడలు, స్తంభాలు, తోరణాలు చెక్కేవారు. చిన్న బంగళా ఆకారంలో కిటికీలు, కప్పు, పొగగొట్టంతో సహా చేసిన కుట్టుపని పెట్టెలు, రాతపెట్టెలు, బొమ్మంత బీరువాలు ఆ కాలానివి. వీటి గౌరవం ఎంతంటే, మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ చనిపోయాక 1781లో లండన్‌లో జరిగిన వేలంలో అతని దంతపు సామానును మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అది ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణలో ఉంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖ పనితనం చాలా చూడవచ్చు.

19వ శతాబ్దంలో పెద్ద సామాను తగ్గి చిన్న పెట్టెలు మిగిలాయి. దంతంతో పాటు గేదె కొమ్ము, తాబేటి చిప్ప, ముళ్ళపంది ముళ్ళు వాడి చేసిన నగల పెట్టెలు, చేతితొడుగుల పెట్టెలు, రాతపెట్టెలు దొరల కుటుంబాలు సీమకు తీసుకెళ్ళే కానుకలయ్యాయి. చెక్కే బొమ్మలూ మారాయి. ఇంగ్లండు మేడల చోట దేవుళ్ళ బొమ్మలు వచ్చాయి. 1851 నాటి లండన్ మహా ప్రదర్శనలోనూ, 1902-03 శీతకాలంలో ఢిల్లీ ప్రదర్శనలోనూ విశాఖ పెట్టెలు ఉన్నాయి. కొనేవారు విదేశీయులే కావడం ఈ వృత్తికి బలం, బలహీనత కూడా. వారి అభిరుచి మారినప్పుడల్లా పని మారింది. వారు వెళ్ళిపోయాక, దంతం మీద ఆంక్షలు వచ్చాక ఆగిపోయింది. రెండు శతాబ్దాలు సాగిన ఇంత గొప్ప పనిని చూడటానికి తెలుగువారు లండన్ వెళ్ళవలసి రావడం బాధాకరం.

నిలువు బీరువా మధ్యతరగతి ఇళ్ళలోకి రావడానికి కలప, ఉద్యోగం రెండూ కారణాలు. భద్రాచలం, పాపికొండల అడవుల టేకు దుంగలు తెప్పలుగా గోదావరి మీద రాజమండ్రి చేరేవి. 1852లో రంగూన్ ఆంగ్లేయుల చేతికి వచ్చాక బర్మా టేకు సముద్రం మీద కోరమాండల్ రేవులకు సాగింది. కాకినాడ నుంచి రంగూన్‌కు కూలీలు, అక్కడి నుంచి కలప, బియ్యం వచ్చిపోయే ఆ రాకపోకలు 1942లో జపాన్ బర్మాను ఆక్రమించుకునేదాకా జోరుగా ఉన్నాయి. మరోవైపు కోర్టులు, కచేరీలు, కళాశాలలు పెరిగాయి. కోటు, తలపాగా, దస్త్రాలు, అచ్చుపుస్తకాలు దాచుకోవలసిన కొత్త వర్గం తయారైంది. 1891లో మొదలైన మద్రాస్ లా జర్నల్ సంపుటాలు ఏటా చేరుతుంటే వకీళ్ళకు అద్దాల తలుపుల పుస్తకాల బీరువా తప్పనిసరి అయింది. ఇప్పుడు పాత సామానులో దొరికే ఉత్తమమైన టేకు పని చాలావరకు ఈ వకీళ్ళ బీరువాల్లోనే ఉంది. కొలత సరిగ్గా ఉంటుంది, అరలు పుస్తకాల బరువుకు తగ్గ మందంతో ఉంటాయి, అద్దం బందోబస్తుగా కూర్చి ఉంటుంది.

హైదరాబాదులో ఇదే అవసరం రాచరికపు స్థాయిలో తీరింది. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఆ భవనంలో ఒక పార్శ్వమంతా పొడవునా రెండు అంతస్తుల్లో సాగుతుంది. పై అంతస్తుకు వెళ్ళడానికి చేత్తో తిప్పే కొయ్య లిఫ్టు ఉంది. 1869 నుంచి 1911 దాకా గద్దె మీద ఉన్న నిజాం దుస్తులకు అంత చోటు కావలసివచ్చింది. ఇప్పుడది నిజాం మ్యూజియంలో భాగం కాబట్టి ఎవరైనా చూడవచ్చు. పాత కొయ్య బీరువా కొనదలచినవారు ఒకసారి చూసి తీరవలసిన పని అది.

వంటింటికి వచ్చినది జాలీ బీరువా. గాలి ఆడేలా తలుపులకు ఇనుప జాలీ బిగించి, చీమలు ఎక్కకుండా నాలుగు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవారు. ఉట్టి చేసే పనిని ఇది నేల మీదికి దించింది. రైలు ప్రయాణాలు పెరిగాక రేకు ట్రంకు పెట్టెలు వచ్చి కావడిపెట్టెలను మరిపించాయి. పువ్వులు, చిలకలు వేసిన ట్రంకు పెట్టె కొత్త కోడలితో అత్తవారింటికి వెళ్ళడం దశాబ్దాల పాటు ఆనవాయితీ.

ఉక్కు బీరువా రాకతో కొయ్య పని వెనుకబడింది. 1897లో బొంబాయిలో తాళాలతో మొదలైన గోద్రెజ్ సంస్థ, తరవాత ఇనప్పెట్టెలు చేసి, 1923లో ఉక్కు బీరువాలు తయారుచేయడం ప్రారంభించింది. అదే 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. ఒకటి ఇంట్లో దాచే తీరును మార్చింది, రెండోది ఇంట్లో దాచవలసిన అవసరాన్నే తగ్గించింది. భోషాణం కాలం అప్పటినుంచి చెల్లుతూ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి సార్వత్రిక ఎన్నికలకు ఉక్కు బ్యాలట్ పెట్టెలు చేసిన సంస్థల్లో గోద్రెజ్ కూడా ఉంది. చెద పట్టని, లోపల చిన్న లాకరు ఉన్న ఉక్కు బీరువా మంచంతో పాటు పెళ్ళి సామానులో చేరింది. ఏ కంపెనీ చేసినా ఊళ్ళలో దాన్ని గోద్రెజ్ బీరువా అనే పిలిచేవారు. ఆపైన ప్లైవుడ్, గోడకు బిగించే అరలు వచ్చి, పాత కొయ్య సామాను గొడ్ల సావిడికీ, పాత సామాన్ల వ్యాపారికీ వెళ్ళిపోయింది.

ఇప్పుడు అదే సామాను మళ్ళీ ఇళ్ళలోకి వస్తోంది. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో, తమిళనాడులో కారైకుడి వీధుల్లో, కూల్చివేస్తున్న మండువా లోగిళ్ళ దగ్గర అది దొరుకుతుంది. అక్కడే చిక్కు కూడా ఉంది. పాతదిగా కనిపించేటట్టు కొత్తగా చేసే పనికి జోధ్‌పూర్ పెద్ద కేంద్రం. పాత ఇళ్ళ తలుపులు, స్తంభాలు, దూలాలు కోసి కొత్త బీరువాలు కూర్చేవారూ ఉన్నారు. అలాంటి బీరువాలో కలప మంచిదే. వాడుకోవడానికి ఏ లోటూ లేదు. కాని కలప వయసుకు బీరువా వయసు ధర కట్టకూడదు.

వయసు తెలియాలంటే ముందు వైపు కాక వెనక వైపు, అడుగు వైపు చూడాలి. చేతి చిత్రికతో నునుపు చేసిన చెక్క మీద చెయ్యి ఆనిస్తే సన్నని ఎగుడుదిగుళ్ళు తెలుస్తాయి. వెనక చెక్క మీద గుండ్రని రంపపు గీతలుంటే అది యంత్రం కోత. పాత వడ్రంగి వెనక వైపును నునుపు చేసి శ్రమ వృథా చేసుకోడు. వెనకా ముందూ ఒకే మెరుపుతో ఉంటే అనుమానించాలి. సొరుగు పూర్తిగా బయటికి లాగి మూలలు చూడాలి: చేతితో కోసిన పళ్ళు ఒకదానికొకటి కొద్దిగా తేడాగా ఉంటాయి, యంత్రం కోసినవన్నీ ఒకే కొలత. కొలిమిలో కొట్టిన మేకుకు తల వంకరగా, ఒళ్ళు నలుపలకలుగా ఉంటుంది. గుండ్రని తీగ మేకులు 19వ శతాబ్దం చివర గాని వాడుకలోకి రాలేదు. కొస వాడిగా ఉన్న మర మేకులు ఆ శతాబ్దం నడిమి నుంచి వచ్చినవి. తల మీద కూడిక గుర్తు లాంటి గాడి ఉన్న మర మేకు 1930ల తరవాతది. అలాంటిది ఒక్కటి కనిపించినంత మాత్రాన సామాను అంతా కొత్తదని కాదు, అక్కడ మరమ్మతు జరిగి ఉండవచ్చు. అన్నీ అవే అయితే మాత్రం సందేహం అక్కర్లేదు. కొయ్య ఏళ్ళ తరబడి అడ్డంగా కుదించుకుపోతుంది, నిలువుగా దాదాపు మారదు. అందువల్ల నిజంగా పాతదైన వెడల్పాటి పలకల మధ్య సందులు, గుండ్రని బల్ల పైభాగంలో కొద్దిపాటి కోలతనం సహజం. వాటిని లోపాలని అనుకోకూడదు.

వయసు కన్నా ముఖ్యం చేవ. టేకులో నడిమి చేవకే చెదను తట్టుకునే గుణం ఉంది, అంచున ఉండే తెల్లచెక్కకు లేదు. పాత బీరువాల్లో పురుగు తొలిచిన చోట్లు చాలావరకు ఆ తెల్లచెక్కలోనే ఉంటాయి. పాత బెజ్జాలు ఉన్నంత మాత్రాన భయం లేదు. బెజ్జాల కింద మెత్తని కొత్త పొడి రాలుతూ ఉంటే పురుగు ఇంకా బతికే ఉంది. అలాంటి సామానును మందు పెట్టించకుండా ఇంట్లోకి తేకూడదు. జాలీ బీరువా కాళ్ళ కొసలు నీళ్ళలో నాని మెత్తబడి ఉంటాయి, వాటిని మేకుతో గుచ్చి చూడాలి. ఉక్కు బీరువాలో అడుగు రేకు, వెనక మూలలు తుప్పు పట్టే చోట్లు. పాత రంగు గీకించేటప్పుడు పొడి పీల్చకుండా జాగ్రత్త పడాలి. గృహవినియోగ రంగుల్లో సీసానికి గట్టి పరిమితి మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు రంగుల్లో అది ఎంతైనా ఉండవచ్చు.

వాడకం సంగతి కూడా కొనకముందే చూసుకోవాలి. పాత బీరువాలు మడతపెట్టిన బట్టల కోసం చేసినవి. హ్యాంగరుకు చొక్కా తగిలించాలంటే లోపల రెండడుగులకు దగ్గరగా లోతు కావాలి, చాలావాటిలో అంత ఉండదు. అలాంటిదాన్ని కోసి మార్చడం కన్నా చీరలకో పుస్తకాలకో వాడుకోవడం మేలు. మంచి పనివారు చేసిన పెద్ద బీరువాలు పైకప్పు, ఒళ్ళు, పీఠం విడివిడిగా ఊడివస్తాయి. అవి ఏ అపార్ట్‌మెంటు మెట్లైనా ఎక్కుతాయి. భోషాణం ఊడదు, గుమ్మం కొలత చూసుకోవలసిందే. పాత లక్క పాలిష్‌ను యంత్రంతో గీకించి కొత్త వార్నిష్ కొట్టించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. నూరేళ్ళ చేతి వాడకం తెచ్చిన రంగు ఒక్క పూటలో పోతుంది, ధర కూడా దానితోనే పడిపోతుంది. పొడి గుడ్డ, కొద్దిగా మైనం చాలు. తీర ప్రాంతాల ఇళ్ళలో గోడకు నాలుగు వేళ్ళ ఎడం, కాళ్ళ కింద రాతి బిళ్ళలు ఉంటే చెమ్మ, చెద రెండూ దూరంగా ఉంటాయి.

చట్టం అడ్డుపడే చోట్లు మూడు ఉన్నాయి. దంతం పొదిగిన పెట్టె ఎంత పాతదైనా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో దాన్ని కొనడం, అమ్మడం నేరం. విశాఖ పెట్టె పేరుతో రహస్యంగా చూపించే సరుకుకు దూరంగా ఉండాలి. నూరేళ్ళు దాటిన కళాత్మక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 పురావస్తువుల చట్టం నిషేధిస్తోంది. జిట్రేగి సామాను ఎగుమతికి అంతర్జాతీయ అనుమతి పత్రాల నియమం 2017 నుంచి ఉంది. తాతగారి భోషాణాన్ని అమెరికాకో ఆస్ట్రేలియాకో తీసుకెళ్ళాలనుకునేవారు ముందుగా ఈ చివరి రెండు నియమాలూ విచారించుకోవాలి.

పాత సామాను విలువను అన్నిటికన్నా బాగా పెంచేది దాని పూర్వాపరం, అదే అన్నిటికన్నా ముందు పోతుంది. ఇంట్లో భోషాణమో పాత బీరువానో ఉన్నవారు దాన్ని కలప తూకానికి ఇచ్చేముందు, అది ఏ ఊరిది, ఎవరింటిది, ఎవరు చేయించారు, ఏ కలప అనే వివరాలు పెద్దవారిని అడిగి ఒక కాగితం మీద రాసి, మూత లోపలి వైపు అంటించాలి.